షాక్ కొట్టే కమ్యూనిటీ హాలును దారికి తెచ్చుకోవడం ఎలా

కాలనీ కమ్యూనిటీ హాల్లో ఫ్యాన్ తిరగకపోతే పది మంది వచ్చి అడుగుతారు. వంటగదిలో కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని మాత్రం ఎవరూ ఫిర్యాదు రాయరు. "చెప్పులేసుకుని పట్టుకో" అని పక్కవాళ్లకు చెప్పి ఊరుకుంటారు. ఇంట్లో అయితే ఆ పూటే ఎలక్ట్రీషియన్ను పిలిచేవాళ్లే, హాలు అందరిదీ కాబట్టి వదిలేస్తారు. అందుకే మొదటి పని కరెంటు పని కాదు. కమిటీలో ఒకరిని పేరు పెట్టి బాధ్యుడిగా నియమించండి. హాలు వైరింగ్ సంగతంతా రాసే నోటు పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండాలి. ఎవరికి షాక్ తగిలింది, ఎక్కడ, ఏ రోజు, అప్పుడు వాన పడుతోందా, మోటారు నడుస్తోందా అన్నవి అందులోకి ఎక్కాలి. తర్వాత వచ్చే వైర్‌మన్‌కు సగం పని ఆ పుస్తకమే చేసిపెడుతుంది.

ఇంకో హద్దు కూడా ముందే గీసుకోండి. చూడటం, వాసన పట్టడం, బటన్ నొక్కడం, మెయిన్ ఆఫ్ చేయడం ఎవరైనా చేయొచ్చు. బోర్డు మూత విప్పడం, వైరు ముట్టుకోవడం మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ పని. "మా బావమరిదికి తెలుసు" అన్నది పర్మిట్ కిందికి రాదు.

మెయిన్ ఎక్కడుంది?

హాలుకు వెళ్లి మీటరు బోర్డు ముందు నిలబడండి. నిలబడటానికి చోటుందా? చాలా హాళ్లలో దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలు నిలువెత్తు పేర్చి ఉంటాయి, లేదా ఆ గదికి తాళం వేసి తాళంచెవి సెక్రటరీ ఇంట్లో ఉంటుంది. ఒక మనిషికి షాక్ తగిలి అంటుకుపోయినప్పుడు ఆ తాళంచెవి కోసం స్కూటరు వేసుకెళ్లే వ్యవధి ఉండదు. మెయిన్ ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉంచండి. తాళం తప్పదనుకుంటే ఒక చెవి వాచ్‌మన్ దగ్గర ఉండాలి. మెయిన్ మీద పెద్ద తెలుగు అక్షరాలతో "మెయిన్: ప్రమాదమైతే ఇది కిందికి లాగండి" అని రాసి అతికించండి. పక్కనే 1912 (కరెంటు ఫిర్యాదు), 108, 101 నంబర్లు, మీ సర్వీసు నంబరు రాయండి. 1912కి ఫోన్ చేస్తే మొదట అడిగేది సర్వీసు నంబరే, అది బిల్లు మీద ఉంటుంది.

స్తంభం నుంచి మీటరు దాకా ఉన్నది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) బాధ్యత. మీటరు దాటాక ప్రతి అంగుళం మీదే. సర్వీసు వైరు తెగి వేలాడుతున్నా, మీటరు దగ్గర చిటపటలు వినిపిస్తున్నా మీ ఎలక్ట్రీషియన్ చేత ముట్టించకండి, లైన్‌మన్‌ను పిలవండి.

మనిషి కరెంటుకు అంటుకున్నప్పుడు ఏం చేయాలో వాచ్‌మన్‌తో ఒకసారి చేయించి చూడండి. ముందు మెయిన్ ఆఫ్. అది కుదరకపోతేనే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని వైరు నుంచి నెట్టాలి, చేత్తో లాగకూడదు. నేల తడిగా ఉంటే పొడి చెక్క మీద నిలబడాలి. మనిషిలో స్పృహ, ఊపిరి లేకపోతే 108కి చెప్పి, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. గుండె లయ కొన్నిసార్లు ఆలస్యంగా తప్పుతుంది.

హాలు కరెంటు వల్ల అంటుకున్న మంటకు నీళ్లు వద్దు. మెయిన్ దగ్గర 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఒకటి ఉంచండి. కొని గోడకు తగిలించి మరిచిపోయేది అదే కాబట్టి ఏటా తూకం వేయించిన తేదీ కూడా నోటు పుస్తకంలోనే రాయండి.

లక్షణాన్ని బట్టి రోగం

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆలోచన వద్దు, మెయిన్ దించేయాలి. వాటిలో అందరూ పొరబడేది ఇది: కొన్ని లైట్లు మామూలు కంటే బాగా వెలుగుతూ, కొన్ని మసకబారి, ఒక వైపు ఫ్యాన్లు రివ్వున తిరుగుతుంటాయి. జనం "ఓల్టేజీ హెచ్చుతగ్గులు" అనుకుంటారు. త్రీఫేజ్ సర్వీసులో (కరెంటు తెచ్చే ఫేజు తీగలు మూడు ఉండే కనెక్షన్లో) న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగిందనో వదులైందనో దానర్థం. న్యూట్రల్ లేకపోతే ఒక ఫేజు మీది సామాను, ఇంకో ఫేజు మీది సామాను వరసగా కలిసిపోయి 400 ఓల్టులను తమలో తాము పంచుకుంటాయి. తక్కువ లోడున్న ఫేజు మీద 230కి బదులు 300 దాటి పడుతుంది. ముందు ఆంప్లిఫయర్లు, ఎల్‌ఈడీ లైట్లు పోతాయి, తర్వాత మంట. మెయిన్ దించి, పక్క ఇళ్లలోనూ అలాగే ఉందేమో కనుక్కోండి. ఉంటే స్తంభం దగ్గరి న్యూట్రల్, 1912కి చెప్పండి. మీ హాల్లో మాత్రమే అయితే మీ మెయిన్‌లోనో మీ సర్వీసు వైరులోనో వదులైన జాయింటు.

కుళాయి, గ్రైండరు, ఇనప గేటు, కూలర్ జివ్వుమనడం అంటే రెండు తప్పులు ఒకేసారి ఉన్నాయి. ఎక్కడో కరెంటు కారుతోంది, కారిన కరెంటు భూమిలోకి పోవడానికి ఎర్త్ దారి లేదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి బాగున్నా ఆ షాక్ మీ దాకా రాదు. చేయి, నేల తడిగా ఉంటే ఒంటి నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోతుంది. 230 ఓల్టుల దగ్గర అంటే 230 మిల్లీఆంపియర్లు. గుండెను ఆపడానికి అందులో ఎనిమిదో వంతు చాలు. ఇవాళ జివ్వుమన్న గ్రైండరు రేపు కడిగిన నేల మీద చంపుతుంది. దాన్ని ఆ క్షణం నుంచే పక్కన పెట్టి, ప్లగ్గు మీద టేపు చుట్టి "వాడొద్దు" అని రాయండి.

ప్లగ్గు వేడెక్కడం, సాకెట్టు పసుపు రంగుకు తిరగడం, కాలిన చేపల లాంటి వాసన: ఇది వదులు జాయింటు. ఫ్యూజు గానీ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంత తానే పడే స్విచ్) గానీ దీన్ని పట్టుకోలేదు. ఎందుకంటే కరెంటు పెరగదు, జాయింటులో నిరోధం మాత్రమే పెరుగుతుంది. 15 ఆంపియర్లు పోతున్న జాయింటులో 0.2 ఓము నిరోధం చేరితే అక్కడ 45 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ సోల్డరింగ్ ఐరన్ వేడి అంతకంటే తక్కువే ఉంటుంది, దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసినట్టన్నమాట. సాకెట్టు మార్చడంతో సరిపెట్టకండి. కాలిన మేర వైరు కత్తిరించి, కొత్త రాగి తేలేలా చేసి బిగించమనండి. పాత అల్యూమినియం వైరుకు రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టిన చోట్లే ఎక్కువగా కాలుతాయి. రెండు లోహాలూ కలిసిన చోట తుప్పు పట్టి వదులవుతుంది. వాటికి రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టరు వేయాలి, కుదిరితే అల్యూమినియం వైరే తీసేయాలి.

బోర్డు విప్పించి చూడాల్సినవి

వైర్‌మన్ మెయిన్ దించి మూత తీశాక మీరు పక్కన నిలబడి చూడాల్సినది ఒక్కటే: ఏ వైరుకు ఏ ఎంసీబీ ఉంది. ఎంసీబీ ఉన్నది సామానును కాపాడటానికి కాదు, మనిషిని కాపాడటానికీ కాదు, గోడలోని వైరును కాపాడటానికి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో వేసిన లైట్లు, ఫ్యాన్ల లైనుకు 6 లేదా 10 ఆంపియర్లది, 2.5 వైరుతో వేసిన పవర్ సాకెట్టుకు 16, ఏసీకో గీజరుకో 4 వైరు వేస్తే 20 ఉండాలి. పెళ్లిళ్లలో మాటిమాటికీ పడిపోతోందని ఎవరో 16 తీసి 32 పెట్టి ఉంటారు. అప్పటి నుంచి ఎంసీబీ పడదు, దానికి బదులు గోడలో వైరు కాలుతుంది. పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉంటే వాటిలో ఫ్యూజు వైరు ఉందో, నాలుగు పోగుల రాగి తీగ ఉందో చూడండి. రాగి తీగ ఉంటే వాదన అనవసరం, బోర్డే మార్చాలి.

ఎంసీబీ మాటిమాటికీ పడటానికి అసలు కారణం లెక్క వేస్తే తేలిపోతుంది. 75 వాట్ల ఫ్యాన్లు 12 అంటే 900. 20 వాట్ల ట్యూబులు 20 అంటే 400. సౌండు వాళ్లది 2000, డెకరేషన్ హాలోజన్లు 500వి ఆరు కలిపి 3000, ఒక హార్స్‌పవర్ గ్రైండర్లు రెండు లాగేది దాదాపు 2000. మొత్తం 8300 వాట్లు, సింగిల్ ఫేజ్ మీద 36 ఆంపియర్లు. మీ బిల్లు మీద శాంక్షన్ లోడు (డిస్కం మీకు మంజూరు చేసిన లోడు) ఎంతో చూడండి. 3 కిలోవాట్లని ఉంటే తప్పు ఎంసీబీది కాదు. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి త్రీఫేజ్ తీసుకుని, లోడును మూడు ఫేజులకూ సమంగా పంచమనండి. వంటగది, స్టేజీ, బోరు మోటారు తలో లైనులో ఉండాలి.

ఆర్‌సీసీబీ: పెట్టడం తేలిక, ఉంచడం కష్టం

ఆర్‌సీసీబీ అంటే కరెంటు కారితే లైను కోసే స్విచ్, మనిషిని కాపాడేది ఇదొక్కటే. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని ఇది చూస్తుంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో లైను కోసేస్తుంది. దాని మీద 30 ఎంఏ (మిల్లీఆంపియర్లు) అని ఉండాలి. 100, 300 రాసి ఉన్నవి మంటల నుంచి కాపాడటానికి, మనుషుల కోసం కాదు. అంగట్లో అవి కూడా ఒకేలా ఉంటాయి కాబట్టి బిల్లు తీసుకునే ముందు చదవండి. ఓవర్‌లోడును ఇది పట్టించుకోదు, అందుకే వెనక ఎంసీబీలు ఉండాల్సిందే.

హాలంతటికీ ఒక్కటే పెడితే వంటగదిలో గ్రైండరు కారినప్పుడు పెళ్లిపీటల మీద కూడా చీకటి పడుతుంది. వెంటనే ఎవరో దాన్ని బైపాస్ చేస్తారు. కాబట్టి కనీసం మూడు పెట్టండి: వంటగది, బాత్రూములకు ఒకటి, హాలు సాకెట్లకు ఒకటి, బయటి లైట్లు, గేటు, బోరుకు ఒకటి. ఇక్కడ ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి ఉంది. ఆర్‌సీసీబీలు మూడు వేసి, న్యూట్రళ్లన్నీ మాత్రం పాత పద్ధతిలో ఒకే బార్‌కు (వైర్లు బిగించే లోహపు పట్టీకి) బిగిస్తారు. ఒకదాని ఫేజులో వెళ్లిన కరెంటు ఇంకోదాని న్యూట్రల్లో తిరిగొస్తుంది, అన్నీ పడిపోతుంటాయి, "ఈ కంపెనీ మంచిది కాదు" అంటారు. ప్రతి ఆర్‌సీసీబీకీ విడి న్యూట్రల్ బార్ ఉండాలి. ముందే చెప్పి చేయించండి.

పడిపోతుంటే కారణం వెతికే క్రమం ఇది.

1. దాని కిందున్న ఎంసీబీలన్నీ దించి, ప్లగ్గులన్నీ పీకి, ఆర్‌సీసీబీ ఎత్తండి.
2. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తండి. ఏది ఎత్తగానే పడిందో ఆ లైనులో లోపం ఉంది.
3. లైన్లన్నీ ఎత్తినా నిలబడితే ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టండి. తప్పు సామానుది. గ్రైండరు, గీజరు, పాత కూలర్ పంపు మొదటి అనుమానితులు.
4. ఎంసీబీలన్నీ దించినా పడుతుంటే వైర్‌మన్‌ను పిలవండి. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ తగులుకునే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్త్‌కో తడి గోడకో తాకుతోంది. ఆయన మెయిన్ దించి, న్యూట్రళ్లు బార్ నుంచి ఒక్కొక్కటే విప్పి మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పట్టుకోవాలి. 500 ఓల్టుల మెగ్గర్ మీద వైరుకూ ఎర్త్‌కూ మధ్య కనీసం 1 మెగోము (పది లక్షల ఓములు) చూపించాలి. బాగున్న వైరింగ్ దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది.

వాన పడినప్పుడే పడుతుంటే బయటి లైట్ల జాయింట్లు, గేటు దీపాలు, కాంపౌండు గోడ మీది పైపులే మొదటి అనుమానితులు, ముందు అక్కడే వెతకండి.

నెలకోసారి "టి" అని ఉన్న బటన్ నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే ఆ రోజే మార్చండి. అయితే ఆ బటన్ ఆర్‌సీసీబీ లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ ఉందో లేదో దానికి తెలియదు.

ఎర్త్ ఉందా, ఉన్నట్టు కనిపిస్తోందా?

సాకెట్టు పైన లావుపాటి మూడో రంధ్రం ఉంటుంది. దాని వెనక ఆకుపచ్చ వైరు ఉండాలి. పాత హాళ్లలో సగం సాకెట్లకు అక్కడ ఏమీ ఉండదు. అంతకంటే ప్రమాదం, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్‌కు చుట్టడం. టెస్ట్ ల్యాంపు బ్రహ్మాండంగా వెలుగుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడ వదులైనా ఆ మరుక్షణం గ్రైండరు ఒళ్లంతా 230 ఓల్టులే. మూడు దీపాలున్న చిన్న సాకెట్ టెస్టర్ దొరుకుతుంది. ప్రతి సాకెట్టులో గుచ్చి చూస్తే ఎర్త్ లేనివి, ఫేజు, న్యూట్రల్ తారుమారైనవి తేలతాయి. పైన చెప్పిన దొంగ ఎర్త్‌ను మాత్రం ఆ టెస్టర్ పట్టుకోలేదు, అందుకు సాకెట్టు విప్పాల్సిందే. నీళ్ల పైపుకు ఎర్త్ వైరు కట్టి ఉంటే తీయించండి. ఒక మోటారు కారితే ఆ పైపు హాలు కుళాయిలన్నిటికీ కరెంటు పంచుతుంది.

తర్వాత ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంట. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి అంకె రాయించుకోండి. 5 ఓములలోపు ఉంటే సంతోషం. ఎందుకో చూడండి: 5 ఓముల గుంటలోకి కారే కరెంటు 46 ఆంపియర్లు. 50 ఓముల గుంటలోకి 4.6 ఆంపియర్లు మాత్రమే, దానికి ఏ ఎంసీబీ పడదు, మోటారు ఒంటి మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీకి మాత్రం ఆ 4.6 చాలా ఎక్కువ, వెంటనే కోస్తుంది. డబ్బు తక్కువైతే నా ఓటు ముందు ఆర్‌సీసీబీలకు, తర్వాత సాకెట్లకు ఎర్త్ వైరు లాగడానికి, ఆ తర్వాత గుంటకు. రంగులకు, ఫాల్స్ సీలింగుకు మిగిలితే అప్పుడు.

కొత్త గుంట తీయిస్తే గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో, 40 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మీటర్లకు తగ్గని పొడవున్న జీఐ పైపుతో (జింకు పూత వేసిన ఇనప పైపుతో), చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయించండి. రెండో గుంట వేస్తే మొదటిదానికి 5 మీటర్ల దూరం ఉండాలి. దగ్గరైతే రెండూ కలిసి ఒక గుంట పనే చేస్తాయి. ఉప్పు పైపును తినేస్తుంది కాబట్టి కొన్నేళ్లకు మళ్లీ చూడాలి. బెంటొనైట్ మట్టి నింపితే ఆ బాధ తక్కువ. హైదరాబాద్ లాంటి రాతి నేలలో ఏప్రిల్, మే నెలల్లో నిరోధం అమాంతం పెరుగుతుంది, అందుకే కొలత ఎండాకాలంలోనే తీయించండి. విశాఖ, కాకినాడ వైపు నేల తడిగానే ఉంటుంది గానీ ఉప్పు గాలికి పైనున్న క్లాంపులు తుప్పు పడతాయి. గుంట మూత తీసి బోల్టు చూస్తే తెలిసిపోతుంది. త్రీఫేజ్ బోరు మోటారు, స్టార్టరు డబ్బాకు ఎర్త్ వైర్లు రెండు విడివిడిగా రావాలి.

ఫంక్షన్ రోజున

ఏడాది పొడవునా మీరు చేసినదంతా డెకరేషన్ వాళ్లు ఒక్క సాయంత్రంలో చెరిపేయగలరు. రెండు పోగులు నేరుగా సాకెట్టు రంధ్రాల్లో గుచ్చి అగ్గిపుల్లలు దోపడం మీరూ చూసే ఉంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లకు కావలసిన చోట కరెంటు ఇవ్వండి. స్టేజీ పక్కన ఒకటి, వంట షెడ్డు దగ్గర ఒకటి, గేటు దగ్గర ఒకటి, నేలకు మీటరు ఎత్తున స్థిరమైన బోర్డులు పెట్టించండి. ఒక్కో బోర్డులో 30 ఎంఏ ఆర్‌సీసీబీ, రెండు మూడు ఎంసీబీలు, మూత ఉన్న 16 ఆంపియర్ల సాకెట్లు ఉండాలి. అద్దె కాగితంలో ఈ షరతులు రాయండి: ఈ బోర్డుల నుంచి తప్ప ఎక్కడా కరెంటు తీయకూడదు, టూ పిన్ ఎక్స్‌టెన్షన్లు వాడకూడదు, మూడు కోర్ల కేబులే వాడాలి, జాయింట్లు నేల మీద గానీ షామియానా ఇనప గొట్టానికి ఆనించి గానీ ఉండకూడదు, మెయిన్ గదిలోకి రాకూడదు.

ఎక్స్‌టెన్షన్ చుట్టను పూర్తిగా విప్పించండి. చుట్ట మీదే లోడు వేస్తే లోపలి వరసలు చల్లబడక కరిగి అతుక్కుంటాయి. సీరియల్ లైట్లు ఇనప గేటుకు, రెయిలింగుకు కట్టనివ్వకండి, తప్పదంటే మధ్యలో ఎండు వెదురు బద్ద ఉండాలి.

షామియానా, కటౌట్, జెండా గొట్టం నిలబెట్టే ముందు తలెత్తి చూడండి. మామూలు 230, 400 ఓల్టుల తీగలకు పక్కగా 1.2 మీటర్లు, పైన 2.5 మీటర్ల దూరం, 11 కేవీ (11,000 ఓల్టుల) లైనుకు పక్కగా 1.2, పైన 3.7 మీటర్లు భవనాలకు వర్తించే కనీస హద్దు. గొట్టం నిలబెట్టేటప్పుడు ఊగుతుంది కాబట్టి ఇంకా చాలా దూరం పాటించండి. 11 కేవీ తీగను ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరికి వెళితే కరెంటు గాల్లోంచే దూకుతుంది.

జనరేటరును ఛేంజోవర్ స్విచ్ (మెయిన్ లైనో జనరేటరో ఒకసారికి ఒక్కటే కలిపే స్విచ్) ద్వారానే కలపాలి, అది న్యూట్రల్‌ను కూడా మార్చేదై ఉండాలి. రెండు వైపులా మగ పిన్నులున్న వైరుతో సాకెట్టులోకి ఎక్కిస్తే ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 కేవీ అయి నిలబడుతుంది. లైను ఆఫ్‌లో ఉందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చనిపోయేది ఇలాగే. జనరేటరు ఒంటికి ఎర్త్ కట్టాలి, పొగ హాల్లోకి రాకుండా బయట పెట్టాలి.

ఫంక్షన్ అయ్యాక డిపాజిట్ తిరిగిచ్చే ముందు వాచ్‌మన్ ఒక చుట్టు తిరగాలి. సాకెట్లలో దూర్చిన పుల్లలు తీశారా, ప్లేట్లు ఎక్కడైనా వేడిగా ఉన్నాయా, ఆర్‌సీసీబీలన్నీ బటన్ నొక్కితే పడుతున్నాయా, ఎంసీబీల మీది అంకెలు నోటు పుస్తకంలో ఉన్నవేనా అని చూడాలి. అంకె మారి ఉంటే ఆ రాత్రి ఎవరో 16 తీసి 32 పెట్టారు, డిపాజిట్‌లోంచి వైర్‌మన్ ఖర్చు పట్టుకోండి.